మెషీన్ షెడ్యూలింగ్: ఒకే లెక్కకి మూడు జవాబులు ఎందుకొస్తున్నాయి?

ఐడిల్‌టైమ్ (ప్రశ్న):

బీటెక్ మూడో ఏడాది ప్రొడక్షన్ ప్లానింగ్‌లో షెడ్యూలింగ్ యూనిట్ మీద మూడు సందేహాలు. రూల్స్ విడివిడిగా అర్థమవుతున్నాయి. ఏ లెక్కకి ఏది పెట్టాలన్న దగ్గరే బండి ఆగిపోతోంది.

ఒకటి: ఒక్కటే మెషీన్, ఐదు జాబ్‌లు. మొదటి అంకె ప్రాసెసింగ్ టైమ్, రెండోది గడువు, రెండూ గంటల్లో.

క: 4, 6
చ: 7, 10
ట: 2, 16
త: 6, 13
ప: 3, 20

ఎస్‌పీటీ (తక్కువ ప్రాసెసింగ్ టైమ్ ఉన్నది ముందు) పెడితే ట-ప-క-త-చ వచ్చింది. ఈడీడీ (గడువు దగ్గరున్నది ముందు) పెడితే క-చ-త-ట-ప వచ్చింది. ప్రశ్నలో "ఉత్తమమైన సీక్వెన్స్ కనుక్కోండి" అని మాత్రమే ఉంది. ఏది రాయాలి?

రెండు: అన్ని జాబ్‌లూ మూడు మెషీన్లని ఒకే క్రమంలో దాటే ఫ్లో షాప్‌కి జాన్సన్ రూల్ (అన్నిటికంటే చిన్న సమయం మొదటి మెషీన్‌దైతే ఆ జాబ్ ముందుకి, రెండోదానిదైతే వెనక్కి). జాబ్ ఎక్స్‌కి 1, 5, 2. జాబ్ వైకి 2, 5, 6. మొదటి రెండూ కలిపి, చివరి రెండూ కలిపి రూల్ వేస్తే ఎక్స్ ముందు రావాలి, మేక్‌స్పాన్ (జాబ్‌లన్నీ ముగిసే సమయం) 17. ఊరికే తిరగేసి చూస్తే వై ముందు పెట్టినప్పుడు 15 వస్తోంది! పద్ధతి తప్పా, నా కూడిక తప్పా?

మూడు: మినీ ప్రాజెక్టులో 6 జాబ్‌లు, 6 మెషీన్ల జాబ్ షాప్‌ని (ఒక్కో జాబ్‌ది ఒక్కో మెషీన్ క్రమం) మిక్స్‌డ్ ఇంటిజర్ మోడల్‌గా (కొన్ని వేరియబుల్స్ పూర్ణాంకాలే కావాలి) రాశాను. సాల్వర్ "ఆప్టిమల్" అంటోంది, కానీ గాంట్ చార్ట్ (ఏ మెషీన్ మీద ఏది ఎప్పుడో చూపే బొమ్మ) గీస్తే ఒకే మెషీన్ మీద రెండు ఆపరేషన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. బిగ్-ఎం (రెండు ఆపరేషన్లలో ఏది ముందో దాన్ని బట్టి ఒక షరతుని సడలించే పెద్ద అంకె) విలువ 10,00,000 ఇచ్చాను.

---

లోయర్‌బౌండ్:

మొదటిది నేను చూస్తాను. మీ రెండు సీక్వెన్సులూ సరైనవే. ప్రశ్నే సగం ఉంది. "ఉత్తమం" అంటే దేన్ని తగ్గించాలో చెప్పకపోతే ఆ లెక్కకి జవాబు ఉండదు. మీ ఐదు జాబ్‌ల మీదే వేసి చూడండి.

ఎస్‌పీటీ, ట-ప-క-త-చ: ముగిసే సమయాలు 2, 5, 9, 15, 22. మొత్తం 53, సగటు ఫ్లో టైమ్ (జాబ్ ముగిసేదాకా పట్టే సమయం) 10.6. గడువు దాటినవి మూడు: క 3 గంటలు, త 2, చ ఏకంగా 12.

ఈడీడీ, క-చ-త-ట-ప: 4, 11, 17, 19, 22. మొత్తం 73, సగటు 14.6. గడువు దాటినవి నాలుగు, కానీ ఏదీ 4 గంటలకి మించి దాటలేదు.

మూర్-హాడ్జ్‌సన్ (ఆలస్యమైన జాబ్‌ల సంఖ్య తగ్గించే పద్ధతి, కింద చెబుతా), క-త-ట-ప-చ: 4, 10, 12, 15, 22. మొత్తం 63, సగటు 12.6. గడువు దాటింది ఒక్కటే, చ. అదీ 12 గంటలు.

ఎవరి పందెం వాళ్లు గెలిచారు చూడండి. సగటు ఫ్లో టైమ్ అడిగితే ఎస్‌పీటీ. అత్యధిక లేట్‌నెస్ (ముగింపులోంచి గడువు తీసేస్తే వచ్చేది) అడిగితే ఈడీడీ. ఆలస్యమైన జాబ్‌ల సంఖ్య అడిగితే మూర్-హాడ్జ్‌సన్. మేక్‌స్పాన్ మాత్రం మూడింటికీ 22. సెటప్ టైమ్ వరసని బట్టి మారనప్పుడు, జాబ్‌లన్నీ మొదట్నుంచీ సిద్ధంగా ఉన్నప్పుడు, ఒకే మెషీన్ మీద మేక్‌స్పాన్ తగ్గించమని అడగడంలో అర్థం లేదు. ఏ వరసలో కూడినా మొత్తం మారదుగా.

పేపర్లో లక్ష్యం చెప్పకుండా ఇస్తే, ఏ లక్ష్యం అనుకుంటున్నారో మొదటి లైన్లో రాసి మొదలుపెట్టండి. గడువులు ఇచ్చారంటే ఎస్‌పీటీ ఒక్కటే రాసి ఊరుకోవద్దు. గడువులు ఊరికే ఇవ్వరు.

మూర్-హాడ్జ్‌సన్‌లో ఎక్కువమంది జారేది ఒకే చోట. ఈడీడీ వరసలో ఒక్కొక్క జాబ్ పేర్చుకుంటూ వెళ్లాలి. ఏదో ఒకటి గడువు దాటగానే ఆగి, అప్పటిదాకా పేర్చినవాటిలో (దాటినదాన్ని కూడా కలుపుకుని) అన్నిటికంటే పొడవైనదాన్ని తీసి పక్కన పెట్టాలి. దాటిన జాబ్‌నే తీసేయడం తప్పు. మీ లెక్కలో దాటిందీ పొడవైనదీ రెండూ చ కావడంతో ఆ తేడా కనబడదు. చ గడువు 12 అనుకోండి: క 4కి, చ 11కి ముగుస్తాయి, బాగానే ఉంది. త 17కి ముగుస్తుంది, దాని గడువు 13. ఇప్పుడు తీయాల్సింది త (6 గంటలు) కాదు, చ (7 గంటలు). ఎలాగూ ఒకటి పోక తప్పదు కాబట్టి, పోయేదేదో ఎక్కువ చోటు ఖాళీ చేసి పోవాలి. అంతే లాజిక్.

రూల్ బట్టీ పట్టకుండా ఉండాలంటే పక్కపక్క జాబ్‌లని మార్చి చూసే నిరూపణ ఒక్కటి చేతికి వస్తే చాలు. ఒక జంట ఏదో ఒక సమయంలో మొదలవుతుంది. 7 గంటల జాబ్ ముందు, 2 గంటల జాబ్ వెనక ఉంటే వాటి ముగింపులు 7, 9, కలిపితే 16. మారిస్తే 2, 9, కలిపితే 11. జంట ముగిసేది ఎలాగైనా 9కే కాబట్టి వెనకున్న జాబ్‌లకి ఈ మార్పు సంగతే తెలియదు. తగ్గిన 5 గంటలు అచ్చంగా లాభం. పెద్దది చిన్నదాని ముందున్న ప్రతి చోటా ఇలా మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది ఎస్‌పీటీ వరసే. జాబ్‌లకి వెయిట్ ఉంటే ఇదే లెక్కలో ప్రాసెసింగ్ టైమ్‌ని వెయిట్‌తో భాగించి, ఆ నిష్పత్తి చిన్నది ముందు పెట్టాలి. స్మిత్ 1956లో చెప్పిన రూల్ అదే.

---

జాన్సన్‌క్రమం:

రెండోదానికి వస్తే, మీ కూడిక తప్పు లేదు, పద్ధతీ తప్పు కాదు. వాడకూడని చోట వాడారు, అంతే.

జాన్సన్ 1954లో ఇచ్చింది రెండు మెషీన్లకి. అక్కడ అది కచ్చితమైన ఆప్టిమమ్. మూడు మెషీన్లకి పొడిగింపు ఒక షరతు మీదే పనిచేస్తుంది: మొదటి మెషీన్‌లోని కనిష్ఠ సమయం రెండో మెషీన్‌లోని గరిష్ఠ సమయానికి సమానం గానీ ఎక్కువ గానీ ఉండాలి. లేదా మూడో మెషీన్‌లోని కనిష్ఠ సమయం అలా ఉండాలి. రెండిట్లో ఒకటి చాలు. మీ లెక్కలో మొదటి మెషీన్ కనిష్ఠం 1, మూడోదాని కనిష్ఠం 2, రెండోదాని గరిష్ఠం 5. రెండూ కుదరలేదు. కలిపిన సమయాలు వేసే ముందు ఈ మూడు అంకెలూ రాసి షరతు సరిచూడటం మొదటి మెట్టు. చాలామంది ఈ మెట్టుని అలంకారం అనుకుని దాటేస్తారు.

షరతు తప్పితే ఎందుకు చెడుతుందో మీ లెక్కలోనే కనబడుతోంది. ఇన్-అవుట్ టేబుల్ వేద్దాం.

ఎక్స్ ముందు: మెషీన్ 1లో ఎక్స్ 0–1, వై 1–3. మెషీన్ 2లో ఎక్స్ 1–6, వై 6–11. మెషీన్ 3లో ఎక్స్ 6–8, వై 11–17.

వై ముందు: మెషీన్ 1లో వై 0–2, ఎక్స్ 2–3. మెషీన్ 2లో వై 2–7, ఎక్స్ 7–12. మెషీన్ 3లో వై 7–13, ఎక్స్ 13–15.

అసలు ఇరుకు రెండో మెషీన్‌ది. అది ఎలాగూ 10 గంటలు నడవాలి. దాని ముందు మొదటి జాబ్ తల (మెషీన్ 1 సమయం), దాని వెనక చివరి జాబ్ తోక (మెషీన్ 3 సమయం) తగులుతాయి. ఎక్స్ ముందు పెడితే తల 1, తోక 6, మొత్తం 17. వై ముందు పెడితే ఆ 6 గంటల తోక, రెండో మెషీన్ ఎక్స్‌ని చేస్తున్నంతసేపూ పక్కన జరిగిపోతుంది. కలిపిన సమయాల్లో (ఎక్స్‌కి 6, 7, వైకి 7, 11) రెండో మెషీన్ 5 గంటలు రెండు వైపులా చేరిపోవడంతో ఈ తలా తోకా తేడా మరుగున పడింది. రెండో మెషీన్ ఎప్పటికీ అడ్డం కాకూడదన్నదే ఆ షరతు అసలు ఉద్దేశం.

షరతు కుదరనప్పుడు ఏం చేయాలి? సిలబస్‌లో సాధారణంగా రెండు ఉంటాయి, సీడీఎస్ (1970), ఎన్‌ఈహెచ్ (1983). రెండూ హ్యూరిస్టిక్‌లే (ఆప్టిమమ్ అన్న హామీ లేని ఉపాయాలు). సీడీఎస్ మూడు మెషీన్లకి రెండు నకిలీ రెండు-మెషీన్ లెక్కలు కట్టి, వచ్చిన రెండు సీక్వెన్సుల్లో మంచిది ఉంచుకుంటుంది. మీ లెక్కకి అది కూడా బోల్తా పడుతుంది. మొదటి, చివరి మెషీన్లు మాత్రమే తీసుకుంటే ఎక్స్ (1, 2), వై (2, 6), మళ్లీ ఎక్స్ ముందే. ఎన్‌ఈహెచ్ మొత్తం సమయం ఎక్కువున్న వై (13)ని ముందు తీసుకుని, ఎక్స్ (8)ని దాని ముందూ వెనకా దూర్చి చూసి, 15 దగ్గర ఆగుతుంది. రెండే జాబ్‌లు కాబట్టి అన్నీ చూసినట్టే అనుకోండి. జాబ్‌లు పెరిగినా ఎన్‌ఈహెచ్ చేసే పని అదే: మొత్తాల అవరోహణ క్రమంలో ఒక్కొక్కటి తీసుకుని, ఉన్న వరసలో ప్రతి సందులోనూ పెట్టి చూసి, మేక్‌స్పాన్ తక్కువైన చోట ఖాయం చేయడం. 5 జాబ్‌లకి చూడాల్సిన వరసలు 14. చేత్తో వేయగలిగినవే.

రెండు మెషీన్ల లెక్కలకి ఒక తనిఖీ కూడా చెబుతా. జాబ్‌లు (3, 6), (7, 2), (4, 4), (5, 3), (1, 8) అనుకోండి. జాన్సన్ వరస 5-1-3-4-2. రెండో మెషీన్ ముగింపులు 9, 15, 19, 22, 24. ఇప్పుడు రెండో మెషీన్ మొత్తం పని 23. ఏ జాబ్ ముందు పెట్టినా అది కనీసం 1 గంట ఆగకుండా మొదలవ్వదు. 23 + 1 = 24, దీనికంటే కిందికి ఎవరూ దింపలేరు. మీ జవాబూ 24 కాబట్టి నిశ్చింత. అదే జాబ్‌లు 1-2-3-4-5 వరసలో వేస్తే 30 వస్తుంది. మీకు మధ్యలో ఏ 26ో వచ్చిందంటే టేబుల్లో ఒక గడి తప్పినట్టే. ఆ గడి ఎక్కువగా రెండో మెషీన్ "ఇన్" దగ్గర ఉంటుంది: జాబ్ మొదటి మెషీన్ నుంచి వచ్చే సమయం, రెండో మెషీన్ ఖాళీ అయ్యే సమయం, ఈ రెండిట్లో పెద్దది తీసుకోవాలి. తొందరలో ఒకటే చూసి వేసేస్తారు.

---

సెటప్_ముందు:

లోయర్‌బౌండ్ గారు చెప్పినదానికి రెండు చేర్పులు.

మొదటిది, మొత్తం టార్డినెస్. గడువు దాటిన గంటలు మాత్రమే కూడితే ఎస్‌పీటీకి 17, మూర్-హాడ్జ్‌సన్‌కి 12, ఈడీడీకి 10. అంటే ఈడీడీయే మేలు అనిపిస్తుంది. కానీ క-చ-ట-త-ప వేసి చూడండి (అవును, నోటికొచ్చిన వరసే!): ముగింపులు 4, 11, 13, 19, 22. చ 1 గంట, త 6, ప 2, మొత్తం 9. మూడు రూల్స్‌లో ఏదీ దీన్ని పట్టుకోలేదు. పట్టుకోకపోవడం వాటి తప్పు కాదు, ఈ లక్ష్యానికి అలాంటి సులువైన రూల్ లేదు. ఒకే మెషీన్ మీద మొత్తం టార్డినెస్ ఎన్‌పీ-హార్డ్ (పెద్ద లెక్కలకి వేగంగా ఆప్టిమమ్ ఇచ్చే పద్ధతి తెలియనిది) అని డు, ల్యూంగ్ 1990లో నిరూపించారు. లేట్‌నెస్, టార్డినెస్ అనే మాటలు కలగాపులగం చేసి ఈడీడీ రాసేస్తే మార్కులు పోయేది ఇక్కడే. లేట్‌నెస్ రుణాత్మకం కావచ్చు. టార్డినెస్ సున్నాకి కిందికి పోదు.

రెండోది, జాబ్‌లన్నీ సున్నా సమయానికే సిద్ధంగా ఉంటాయన్న షరతు. అది తీసేస్తే బొమ్మ మారిపోతుంది. ఒక జాబ్ 0కి వస్తుంది, 10 గంటలు, గడువు 20. ఇంకొకటి 1కి వస్తుంది, 2 గంటలు, గడువు 4. మెషీన్ ఖాళీగా ఉంది కదా అని మొదటిది ఎక్కించేస్తే రెండోది 12కి గానీ ముగియదు, 8 గంటలు ఆలస్యం. ఒక గంట మెషీన్‌ని ఖాళీగా ఉంచితే రెండోది 3కి, మొదటిది 13కి ముగుస్తాయి. ఏదీ గడువు దాటదు. మెషీన్ ఖాళీగా ఉండటం ఎప్పుడూ నష్టమే అనుకునేవాళ్లకి ఇది మింగుడు పడదు. జాబ్‌ని మధ్యలో ఆపి మళ్లీ ఎక్కించే వీలుంటే మాత్రం ఈడీడీ మళ్లీ పనికొస్తుంది: కొత్త జాబ్ వచ్చినప్పుడల్లా గడువు దగ్గరున్నదానికి మారిపోవడమే.

---

ఐడిల్‌టైమ్:

అందరికీ థాంక్స్ అండీ. తల-తోక మాట బాగా పట్టింది. ఇంకో చిన్నది: ఒకేలాంటి సమాంతర మెషీన్లకి ఎల్‌పీటీ (ఎక్కువ ప్రాసెసింగ్ టైమ్ ఉన్నది ముందు) ఇస్తే మేక్‌స్పాన్ ఆప్టిమమ్ వస్తుందా? రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంది. మూడో ప్రశ్న కూడా ఎవరైనా చూడగలరా?

---

లోయర్‌బౌండ్:

రాదు. 3, 3, 2, 2, 2 గంటల జాబ్‌లు, రెండు మెషీన్లు. ఎల్‌పీటీ 3, 3 చెరోవైపు పెట్టి, 2, 2 చెరోవైపు పెట్టి, చివరి 2 ఎక్కడ పెట్టినా 7. అసలు ఆప్టిమమ్ 6: ఒక మెషీన్ మీద 3 + 3, రెండోదాని మీద 2 + 2 + 2. గ్రాహమ్ 1969లో ఇచ్చిన హామీ ప్రకారం ఎల్‌పీటీ ఆప్టిమమ్‌కి 4/3 − 1/(3 × మెషీన్ల సంఖ్య) రెట్లు మించదు. రెండు మెషీన్లకి అది 7/6. ఈ ఉదాహరణ సరిగ్గా ఆ అంచు మీదే ఉంది. మేక్‌స్పాన్ కాకుండా సగటు ఫ్లో టైమ్ అడిగితే సమాంతర మెషీన్లకి కూడా ఎస్‌పీటీయే ఆప్టిమమ్. పుస్తకాల్లో తేడా అక్కడ వచ్చి ఉంటుంది, లక్ష్యం చూసుకోండి.

---

గాంట్‌గీత:

మూడోదానికి మొదటి ముద్దాయి ఆ 10,00,000. సాల్వర్‌కి బైనరీ వేరియబుల్ అంటే కచ్చితంగా 0 లేదా 1 అని కాదు; కొంత టాలరెన్స్ లోపల ఉంటే చాలనుకుంటుంది. అది 0.00001 అనుకోండి. వేరియబుల్ 0.00001 దగ్గర ఆగితే మీ బిగ్-ఎంతో గుణించినప్పుడు 10 గంటల సందు దొరికినట్టే. సాల్వర్ దృష్టిలో షరతు నెరవేరింది, మీ చార్ట్‌లో ఆపరేషన్లు 10 గంటల దాకా ఒకదానిమీదొకటి ఎక్కాయి. "ఆప్టిమల్" అన్నది అబద్ధం కాదు, మీరిచ్చిన మోడల్‌కి అదే ఆప్టిమమ్.

బిగ్-ఎంకి అన్ని ప్రాసెసింగ్ టైమ్‌ల మొత్తం చాలు. ఏ షెడ్యూల్నైనా అంతకంటే పొడవు పోకుండా పేర్చవచ్చు. మొదలుపెట్టే సమయాలకి కూడా అదే పై హద్దుగా ఇవ్వండి. మీరు వాడుతున్నది ఫిషర్, థాంప్సన్ 1963లో ఇచ్చిన 6×6 లెక్కే అయితే ఆ మొత్తం 197. సాల్వింగ్ కూడా వేగంగా అవుతుంది, ఎందుకంటే పెద్ద బిగ్-ఎంతో రిలాక్సేషన్ (బైనరీల 0/1 షరతు సడలించిన లెక్క) ఇచ్చే కింది హద్దు నీరుగారిపోయి, బ్రాంచ్‌లు ఊరికే పెరుగుతాయి.

అది మార్చినా ఎక్కుతుంటే ఈ మూడు చూడండి.

ఒకే మెషీన్ మీది ఆపరేషన్ల ఒక్కో జంటకి ఒక్కటే బైనరీ (దాన్ని వై అందాం, పైన చెప్పిన జాబ్ వై కాదు) ఉండాలి. ఒక షరతులో బిగ్-ఎం × వై, రెండోదాంట్లో బిగ్-ఎం × (1 − వై). రెండిట్లోనూ పొరపాటున వై అనే రాస్తే, వై 1 కాగానే రెండు షరతులూ ఒకేసారి సడలిపోతాయి. ఓవర్‌ల్యాప్ ఎప్పుడూ పూర్తిగా కప్పేసినట్టు కనబడితే ఇదే అనుమానించండి. టాలరెన్స్ వల్ల వచ్చేది కొద్దికొద్దిగా అంచుల దగ్గర కనబడుతుంది.

డేటా ఫైల్‌లో మెషీన్ నంబర్లు 0 నుంచి మొదలవుతాయి. 6×6 ఫైల్ మొదటి వరస: 2 1 0 3 1 6 3 7 5 3 4 6. జంటలుగా చదవాలి: మెషీన్ 2 మీద 1, మెషీన్ 0 మీద 3, మెషీన్ 1 మీద 6, ఇలా. కోడ్ 1 నుంచి లెక్కపెడుతుంటే మెషీన్ 0 ఆపరేషన్లకి షరతులే పుట్టవు, ఆ మెషీన్ మీద అన్నీ ఒకేసారి నడిచేస్తాయి. ఓవర్‌ల్యాప్ ఒక్క మెషీన్‌కే పరిమితమైతే ముందు ఇది చూడాలి.

మేక్‌స్పాన్ ప్రతి జాబ్ చివరి ఆపరేషన్ ముగింపు కంటే ఎక్కువ లేదా సమానం కావాలి. మొదలు కంటే అని రాస్తే జవాబు కాస్త తక్కువగా వచ్చి, బాగుందనిపిస్తుంది. ఇది చార్ట్‌లో ఓవర్‌ల్యాప్‌గా కనబడదు కాబట్టి ఇంకా ప్రమాదం.

సరిచూసుకోవడానికి అంకెలు: ఈ 6×6 లెక్క ఆప్టిమమ్ 55. రెండో జాబ్ సమయాలు 8, 5, 10, 10, 10, 4 కలిపితేనే 47, కాబట్టి 47కి తక్కువ వస్తే చార్ట్ గీయకముందే తప్పని తెలిసిపోతుంది. చార్ట్‌ని కంటితో చూసి వదిలేయకండి. ప్రతి మెషీన్ ఆపరేషన్లని మొదలయ్యే సమయం ప్రకారం పేర్చి, ఒకదాని ముగింపు తర్వాతిదాని మొదలుని దాటితే ముద్రించే నాలుగు లైన్ల కోడ్ రాసుకోండి. ప్రతి రన్ తర్వాత అది నడవాలి.

రిపోర్ట్‌లో పోలిక చూపించాలంటే గూగుల్ ఓఆర్-టూల్స్ లైబ్రరీలోని సీపీ-శాట్ సాల్వర్‌తో కూడా అదే లెక్క చేయండి. ఇంటర్వెల్ వేరియబుల్స్ (మొదలు, పొడవు, ముగింపు కలిసినవి), మెషీన్‌కొక నో-ఓవర్‌ల్యాప్ షరతు, అంతే. బిగ్-ఎం బెడదే ఉండదు. అది పూర్ణాంకాలే తీసుకుంటుంది. 2.5 గంటలు లాంటివి ఉంటే అన్నిటినీ 10తో గుణించి ఇచ్చి, జవాబుని 10తో భాగించండి.

---

ఐడిల్‌టైమ్:

బిగ్-ఎం 197 పెట్టాక 55 వచ్చింది, తనిఖీ కోడ్ ఏమీ ముద్రించలేదు. ఇదే మోడల్‌ని ఫిషర్, థాంప్సన్‌ల 10×10 లెక్కకి నడిపితే చాలాసేపటికి కూడా గ్యాప్ (దొరికిన విలువకీ కింది హద్దుకీ తేడా) సున్నా కావడం లేదు. ఇక్కడ కూడా ఏదైనా తప్పుందంటారా?

---

గాంట్‌గీత:

తప్పు ఉండాల్సిన పని లేదు. ఒక్కో మెషీన్ మీద 10! వరసలు, పది మెషీన్లు. అన్నీ కలిపితే 4 పక్కన 65 సున్నాలంత. అన్నీ చెల్లుబాటు కావనుకోండి, అయినా ఆ 10×10 లెక్క 1963లో వస్తే, దాని ఆప్టిమమ్ 930 అని కార్లియర్, పిన్సన్ నిరూపించింది 1989లో. సాల్వర్ మంచి షెడ్యూల్ త్వరగానే కనుక్కుంటుంది. ఇంతకంటే మంచిది లేదని తేల్చడానికే సమయమంతా పోతుంది. బిగ్-ఎం మోడల్‌కి కింది హద్దు బలహీనం కాబట్టి అది ఇంకా నెమ్మది. టైమ్ లిమిట్ పెట్టి, దొరికిన విలువ, కింది హద్దు, గ్యాప్ మూడూ టేబుల్లో వేయండి. సీపీ-శాట్ కాలమ్ పక్కనే పెట్టండి. 930కి తక్కువ వస్తే మాత్రం మళ్లీ తనిఖీ కోడ్ దగ్గరికి వెళ్లండి.